ఉబుంటు 24.04కి మార్చినంక జెల్లీఫిన్ వస్తలేదు, ఇంటి వీడియోల లైబ్రరీ పోయినట్టేనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్తే. హాల్లో టీవీ స్టాండు కింద పాత డెస్క్‌టాప్ పెట్టి, ఉబుంటు 22.04 మీద మూడేండ్ల నుంచి జెల్లీఫిన్ (మన డిస్కులోని వీడియోలను ఇంట్లో టీవీ, ఫోన్‌లలో చూపించే సర్వర్ ప్రోగ్రాం) నడుపుతున్న. 4 టీబీ యూఎస్‌బీ డిస్కు, ఈఎక్స్‌టీ4. సినిమాలు మళ్లా దొరుకుతయి, వాటి గురించి నాకు రంది లేదు. అమ్మ, బాపు పెండ్లి క్యాసెట్, తాత షష్టిపూర్తి, చెల్లె చిన్నప్పటి బతుకమ్మ ఆటలు, వీహెచ్‌ఎస్ నుంచి ఎక్కించినవన్నీ అందులనే ఉన్నయ్. ఏ వీడియో ఏ ఏడాదిదో, అందులో ఎవరెవరున్నరో అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని నేనే జెల్లీఫిన్‌లో టైప్ చేసిన.

నిన్న రాత్రి 24.04కి అప్‌గ్రేడ్ చేసిన. మధ్యలో రెండు మూడు సార్లు ఏదో అడిగింది, అన్నిటికీ యెస్ కొట్టిన. రీబూట్ అయినంక ఉబుంటు మంచిగనే వచ్చింది. కానీ టీవీలో జెల్లీఫిన్ తెరిస్తే సర్వర్ దొరకలేదు అంటుంది. ఫోన్‌ల కూడా అంతే. బ్రౌజర్‌లో 8096 పోర్టు కొట్టినా పేజీ వస్తలేదు. మొత్తం పర్జ్ చేసి మళ్లా ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటున్న. సరేనా?

జవాబు (కాకినాడ నుంచి)

తమ్ముడూ, పర్జ్ మాత్రం కొట్టకు. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

వీడియో ఫైళ్లు డిస్కులో ఉంటాయి, పర్జ్ వాటి జోలికి పోదు. కానీ నువ్వు అమ్మతో కూర్చుని రాసుకున్న వివరాలు, ఎవరు ఎంతవరకు చూశారన్న గుర్తులు, యూజర్లు, అన్నీ /వార్/లిబ్/జెల్లీఫిన్ ఫోల్డర్‌లో ఉంటాయి. సెట్టింగులు /ఈటీసీ/జెల్లీఫిన్‌లో. ప్యాకేజీని రిమూవ్ చేస్తే ఈ రెండూ అలాగే ఉంటాయి. పర్జ్ చేస్తే ఆ ఫోల్డర్లనే తుడిచేస్తుంది. రెండు మాటలూ ఒకటే అనుకుని చేతులు కాల్చుకున్నవాళ్లను నేను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నా.

ఇప్పుడు రెండు కమాండ్లు కొట్టి ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు. మొదటిది: సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జెల్లీఫిన్. రెండోది: డీపీకేజీ -ఎల్ | గ్రెప్ జెల్లీఫిన్. ఇంకేదీ ముట్టుకోకు.

హనుమకొండ

అన్నా, మొదటిదానికి "యూనిట్ జెల్లీఫిన్.సర్వీస్ కుడ్ నాట్ బి ఫౌండ్" అని వచ్చింది. రెండోదానికి ఒక్కటే వరుస: ముందు ఆర్‌సీ అనే రెండు అక్షరాలు, పక్కన జెల్లీఫిన్-సర్వర్, తర్వాత 10.10.7. అంతే.

కాకినాడ

ఆ రెండు అక్షరాలు చూశాక నాకు ఊపిరి ఆడింది. ఆర్ అంటే ప్యాకేజీ తీసేశారు, సీ అంటే దాని కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఇంకా ఉన్నాయి. అంటే సర్వర్ చెడిపోలేదు, అసలు మిషన్‌లోనే లేదు. పర్జ్ మాత్రం జరగలేదు.

ఎందుకు పోయిందంటే: ఉబుంటు ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మారేటప్పుడు బయటి రిపాజిటరీలన్నిటినీ (ప్యాకేజీలు దిగే సర్వర్లను) ఆపేస్తుంది. జెల్లీఫిన్ మనకు వచ్చేది వాళ్ల సొంత రిపాజిటరీ నుంచి, కాబట్టి అదీ ఆగింది. ఆ ప్యాకేజీలు ఇక ఏ సోర్స్‌లోనూ దొరకవు కనుక చివర్లో "పనికిరాని ప్యాకేజీలు తీసెయ్యమంటారా" అని అడుగుతుంది. నువ్వు యెస్ కొట్టింది దానికే. పాత వెర్షన్ కోసం కట్టిన ప్యాకేజీని కొత్తదాని మీద వదిలేస్తే ఇంకా పెద్ద చిక్కులొస్తాయి కాబట్టి ఆ పద్ధతిలో తప్పేం లేదు. అడిగినప్పుడు డీటెయిల్స్ నొక్కి జాబితా చదివితే చాలు. ఇంకో మాట, 22.04కి మామూలు సపోర్టే 2027 దాకా ఉంది. ఈసారి ఇంట్లో అందరూ సీరియల్ చూసే వేళ కాకుండా తీరిగ్గా చేసుకో.

ఇక పని. ముందు ఆ రెండు ఫోల్డర్లనూ టార్ చేసి (ఒకే ఫైలుగా మూట కట్టి) వేరే డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టు. ఇది దాటవేయకు, కారణం కింద చెబుతా. తర్వాత /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో జెల్లీఫిన్.సోర్సెస్ ఫైల్ తెరువు. "ఎనేబుల్డ్: నో" అని ఉంటుంది, దాన్ని యెస్ చెయ్యి. "సూట్స్: జామీ" అని ఉన్నచోట నోబుల్ అని మార్చు. జామీ 22.04 పేరు, నోబుల్ 24.04 పేరు. చాలామంది మొదటిది మార్చి రెండోది మర్చిపోతారు, అప్పుడు పాత ఉబుంటు కోసం కట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (జెల్లీఫిన్ వీడియోలను మార్చడానికి వాడే ప్రోగ్రాం) దిగుతుంది. సేవ్ చేసి సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జెల్లీఫిన్.

టార్ ఎందుకంటే, నీది 10.10.7. ఇప్పుడు ఇన్‌స్టాల్ చేస్తే 10.11 వరసలోది దిగుతుంది. 2025 అక్టోబరులో వచ్చిన 10.11లో డేటాబేస్ అమరికే మార్చేశారు. మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు పాత డేటాబేస్‌ను కొత్త రూపంలోకి తిప్పుకుంటుంది. లైబ్రరీ పెద్దదైతే, డిస్కు పాతదైతే చాలాసేపు పడుతుంది. బ్రౌజర్‌లో లైబ్రరీ రాలేదని కంగారుపడి మధ్యలో ఆపేస్తే అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ -యు జెల్లీఫిన్ కొట్టి లాగ్ కదులుతుందో లేదో చూస్తూ ఉండు. ఒకసారి మారాక వెనక్కి రావాలంటే నువ్వు తీసిన టార్ ఒక్కటే దారి.

హనుమకొండ

చేసిన అన్నా. ఎనేబుల్డ్: నో అనే ఉండె. డేటాబేస్ తిరగడానికి ఇరవై నిమిషాల దాకా పట్టింది. మీరు చెప్పకపోతే మధ్యల ఆపేస్తుంటి. లాగిన్ అయింది, పోస్టర్లన్నీ కనిపిస్తున్నయ్, అమ్మ చెప్పి రాయించిన వివరాలన్నీ ఉన్నయ్! కానీ ఏది నొక్కినా ప్లే అయితలేదు. డిస్కు ఫైల్స్ యాప్‌లో తెరుచుకుంటుంది, వీడియోలు వీఎల్‌సీలో ఆడుతున్నయ్. జెల్లీఫిన్‌లో పాత లైబ్రరీ తీసేసి కొత్తగ ఫోల్డర్ చూపించాల్నా?

కాకినాడ

వద్దు, లైబ్రరీ తీసెయ్యకు. పోస్టర్లు కనబడి వీడియో ఆడట్లేదంటే డేటాబేస్ బాగుంది, అది చెప్పిన దారిలో (ఫైల్ పాత్‌లో) ఫైలు లేదు. /వార్/లాగ్/జెల్లీఫిన్‌లో ఇవాళ్టి లాగ్ తెరిచి "ఇన్‌యాక్సెసిబుల్ ఆర్ ఎంప్టీ, స్కిప్పింగ్" అనే వాక్యం కోసం వెతుకు. లైబ్రరీ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే జెల్లీఫిన్ అన్నిటినీ చెరిపెయ్యకుండా ఆ ఫోల్డర్‌ను వదిలేసి ముందుకెళ్తుంది. నీ పోస్టర్లు బతికున్నది అందుకే. ఆ వాక్యం దొరికితే /మీడియా కింద నీ యూజర్ ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొట్టి చూడు.

హనుమకొండ

ఆ వాక్యం ఉంది. ఎల్ఎస్ కొడితే రెండు ఫోల్డర్లు వచ్చినయ్: మూవీస్, మూవీస్1. మూవీస్ ఖాళీ. వీడియోలన్నీ మూవీస్1లో ఉన్నయ్. నేనైతే మూవీస్1 అని ఎన్నడు పెట్టలేదు.

కాకినాడ

నువ్వు పెట్టలేదు, సిస్టమ్ పెట్టింది. యూఎస్‌బీ డిస్కు దానంతటది మౌంట్ అయ్యేటప్పుడు (ఒక ఫోల్డర్‌గా తెరుచుకునేటప్పుడు) అదే పేరుతో ఫోల్డర్ ముందే ఉంటే వెనక ఒకటి అంకె తగిలిస్తుంది. రీబూట్‌లో డిస్కు సరిగా అన్‌మౌంట్ కాక పాత ఫోల్డర్ అక్కడే మిగిలిపోయింది. ఫైల్స్ యాప్‌లో డిస్కు పేరు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. ఇన్నాళ్లూ నడిచింది కదా అని దీన్ని డెస్క్‌టాప్ ఆటో మౌంట్ మీద వదిలెయ్యొద్దు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో) పెట్టేద్దాం.

కొత్త దారి ఇచ్చే బదులు పాత దారినే నిలబెట్టమంటున్నా. సినిమాలైతే ఇంటర్నెట్ వివరాలతో గుర్తుపట్టుకుంటాయి, చూసిన గుర్తులు తిరిగి అతుక్కునే వీలుంది. ఇంటి వీడియోలకు ఆ ఆధారం లేదు. వాటికి ఫైలు ఉన్న దారే గుర్తు. దారి మారితే జెల్లీఫిన్‌కు అవి కొత్త వీడియోలు, అమ్మ చెప్పి రాయించినవి వాటికి రావు.

ముందు సర్వీస్ ఆపు. డిస్కును అన్‌మౌంట్ చెయ్యి. మిగిలిన ఖాళీ మూవీస్ ఫోల్డర్‌ను ఆర్‌ఎండిర్‌తోనే తియ్యి, ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్‌తో కాదు. ఆర్‌ఎండిర్ ఖాళీ ఫోల్డర్‌ను మాత్రమే తీస్తుంది, లోపల ఒక్క ఫైలున్నా ఒప్పుకోదు. ఇలాంటి చోట అదే మనకు కాపు. మూవీస్1 ఇంకా మిగిలి ఉంటే దాన్నీ అలాగే తీసెయ్యి. తర్వాత మూవీస్ పేరుతో ఫోల్డర్ మళ్లీ చేసి, బీఎల్‌కేఐడీ కమాండ్‌తో డిస్కు యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తీసుకుని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో వరుస రాయి: యూయూఐడీ, పాత దారి, ఈఎక్స్‌టీ4, "డీఫాల్ట్స్,నోఫెయిల్", చివర 0 2. నోఫెయిల్ మర్చిపోతే ఎప్పుడైనా డిస్కు ఊడినప్పుడు మిషన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. చదివేవాళ్లలో ఎవరి దారిలోనైనా ఖాళీ జాగా ఉంటే దాని బదులు బ్యాక్‌స్లాష్ 040 రాయాలి. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ అయితే అనుమతులు సీహెచ్‌మాడ్‌తో మారవు, ఆ వరుసలోనే యూఐడీ, జీఐడీ, యూమాస్క్ ఇవ్వాలి. సుడో మౌంట్ -ఎ కొట్టి తప్పు రాలేదంటే రీబూట్ దాకా ఆగక్కర్లేదు.

ఆ తర్వాత అసలు పరీక్ష: సుడో -యు జెల్లీఫిన్ ఎల్ఎస్, పక్కన ఆ దారి. నీకు కనబడితే సరిపోదు, జెల్లీఫిన్ అనే యూజర్‌కు కనబడాలి. పర్మిషన్ డినైడ్ అంటే /మీడియా కింద ఉన్న నీ పేరు ఫోల్డర్ నిన్ను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వట్లేదన్నమాట. సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఎం యు:జెల్లీఫిన్:ఎక్స్ అని ఆ ఫోల్డర్‌కు ఇస్తే దాటిపోవడానికి దారి వస్తుంది.

చివరగా సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ జెల్లీఫిన్ తెరిచి, యూనిట్ విభాగం కింద రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి ఆ దారి ఇవ్వు. డిస్కు ఎక్కేదాకా సర్వర్ లేవదు, ఖాళీ ఫోల్డర్‌ను స్కాన్ చేసే ప్రమాదం ఉండదు.

బెంగళూరు నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం జెల్లీఫిన్‌ను డాకర్‌లో (ప్రోగ్రాంను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే పద్ధతిలో) నడుపుతాం, 24.04ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశాం. వీడియోలు ఆడుతున్నాయి కానీ ట్రాన్స్‌కోడ్ అయ్యేవి (టీవీకి తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపేవి) ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, సీపీయూ నూరు శాతం. ఆ పనిని గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ మీద చేసే ఇంటెల్ క్విక్ సింక్ ఇదివరకు పనిచేసేది. కంటైనర్ సెట్టింగులుండే కంపోజ్ ఫైలు పాతదే, ఒక్క అక్షరం మార్చలేదండీ.

కాకినాడ

మార్చకపోవడమే కారణం కావచ్చండీ. కంపోజ్ ఫైల్లో గ్రూప్‌యాడ్ కింద రెండర్ గ్రూపును (గ్రాఫిక్స్ వాడే అనుమతి ఉన్న గ్రూపును) అంకెతో ఇచ్చి ఉంటారు. ఆ అంకె ప్రతి ఇన్‌స్టలేషన్‌లో ఒకటే ఉండాలని లేదు. హోస్ట్ మీద గెట్‌ఎంట్ గ్రూప్ రెండర్ కొట్టి వచ్చిన అంకె ఫైల్లో వేయండి. /డెవ్/డీఆర్ఐ ఫోల్డర్ కంటైనర్‌లోకి వెళ్తోందో లేదో కూడా చూడండి. ప్రాసెసర్ ఆరో తరం అయితే 10 బిట్ హెచ్‌ఈవీసీ రకం వీడియోను హార్డ్‌వేర్ మీద విప్పలేదు, ఏడో తరం నుంచే కుదురుతుంది. అలాంటి ఫైలుతో పరీక్షించి పనిచెయ్యట్లేదని అనుకోవద్దు.

బెంగళూరు

అంకె తేడానేనండీ. మార్చి కంటైనర్ మళ్లీ లేపాను, సీపీయూ దిగిపోయింది. చాలా థ్యాంక్స్.

హనుమకొండ

అన్నా, అన్నీ ఆడుతున్నయ్! పర్మిషన్ డినైడ్ వచ్చింది, సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో పోయింది. ఒక్కటి మిగిలింది. మా టీవీ పాతది కాబట్టి సబ్‌టైటిల్స్ వీడియోలోనే అచ్చయ్యేటట్టు పెట్టిన. షష్టిపూర్తి వీడియోకు నేనే తెలుగుల సబ్‌టైటిల్స్ రాసిన, నాయనమ్మకు ఇప్పుడు సరిగ్గ వినబడదు. అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నయ్. ఫాంట్ పోయిందనుకొని డౌన్‌లోడ్ చేసి, డబుల్ క్లిక్ కొట్టి ఇన్‌స్టాల్ చేసిన. ఎడిటర్‌లో తెలుగు మంచిగ కనిపిస్తుంది, టీవీల మాత్రం డబ్బాలే.

కాకినాడ

నాయనమ్మ కోసం రాశావా, అయితే ఇది తేలాల్సిందే. ఇదీ ఇందాకటి చిక్కే. డబుల్ క్లిక్ చేస్తే ఫాంటు నీ హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, నీకు మాత్రమే కనిపిస్తుంది. వీడియో మీద అక్షరాలు అచ్చు వేసేది జెల్లీఫిన్ యూజర్. సుడో -యు జెల్లీఫిన్ ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ కొట్టి చూడు, ఏమీ రాకపోతే అదే కారణం. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు చేస్తే మిషన్ మొత్తానికీ తెలుగు ఫాంట్లు వస్తాయి. నీకు నచ్చిన ఫాంటే కావాలంటే దాన్ని /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్‌లో పెట్టి సుడో ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ కొట్టు. జెల్లీఫిన్ రీస్టార్ట్ చేసి, వీడియో ఆపి మొదటినుంచి పెట్టు. డబ్బాలు వస్తే ఫాంటు లేదని అర్థం. ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడుతుంటే అది వేరే జబ్బు, అప్పుడు మళ్లీ రాయి.

హనుమకొండ

ఎఫ్‌సీ-లిస్ట్‌కు ఏమీ రాలేదు. ఫాంట్స్-టెలు వేసిన, వచ్చింది. "కృష్ణమ్మత్త వచ్చింది" అనే వరుసల కింద ఒత్తులు సుత మంచిగున్నయ్.

రీబూట్ కూడా చేసి చూసిన, మూవీస్ ఒక్కటే ఉంది. బాపు పెండ్లి వీడియో తెరిస్తే 41వ నిమిషం కాడ, మొన్న ఆయన ఆపిన చోటనే, కొనసాగించాల్నా అని అడిగింది. ఇప్పుడు ఇంకో డిస్కు తగిలించి ఇంటి వీడియోలన్నీ కాపీ పెట్టిన, రెండు గంటలు చూపిస్తుంది. అది అయ్యేదాక మిషన్ ముట్టుకోను అన్నా.