భోజనానికి పిలిచినవాళ్ళకి ఏ వైన్ తీసుకెళ్ళాలి?

ప్రశ్న:
శనివారం మా మేనేజర్ గారింటికి భోజనానికి వెళ్తున్నాం. ఆయనా ఆవిడా వైన్ తాగుతారని తెలుసు గానీ రెడ్డో వైటో తెలీదు. నాకు అలవాటు లేదు, షాపులో పావుగంట నిలబడి ఏదీ తేల్చుకోలేక వచ్చేశాను. ఒక బాటిల్ మీద బ్రూట్ అని, పక్కదాని మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంది, ఏది తియ్యగా ఉంటుందో అర్థం కాలేదు. ఖరీదైనది కొంటే సరిపోతుందా? చల్లబరిచి తీసుకెళ్ళాలా?

జవాబు 1:
ఇష్టం తెలీనప్పుడు స్పార్క్‌లింగ్, అంటే బుడగలొచ్చే వైన్ మేలండీ. షాంపేనే కానక్కర్లేదు, ఆ పేరు ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతం వైన్‌కే పెడతారు. స్పెయిన్ వాళ్ళ కావాని కూడా అలాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేస్తారు, ధర మామూలుగా బాగా తక్కువ. ఇక మీరు చూసిన రెండూ ఈ స్పార్క్‌లింగ్‌లో రకాలే. వైన్‌లో డ్రై అంటే తీపి లేనిదని అర్థం కాబట్టి ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. బ్రూట్‌లో లీటరుకి చక్కెర 12 గ్రాముల లోపే, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 దాకా ఉంటుంది, అంటే తియ్యనిది అదే. బ్రూట్ తీసుకోండి.

జవాబు 2:
చల్లబరచొద్దు. నేనోసారి మా స్నేహితురాలింటికి చల్లటి బాటిల్ పట్టుకెళ్ళాను. ఆవిడ వంటకి తగ్గట్టు ఎంచుకున్న రెడ్ అప్పటికే మూత తీసి బల్ల మీద పెట్టి ఉంది, నా చేతిలో చెమ్మ పట్టిన సీసా చూసి ఒక్క క్షణం ఆగి, పాపం మర్యాదకి దాన్నే తెరిచింది. నాకు ఆ పూటంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. ఇచ్చేటప్పుడే "ఇది మీకోసం, తీరిగ్గా తాగండి" అనేయండి, వాళ్ళకి టెన్షన్ ఉండదు.

జవాబు 3:
ఖరీదు చూసి మాత్రం కొనకండి. కొన్ని ఖరీదైన రెడ్‌లు కొత్తగా ఉన్నప్పుడు నాలుక పట్టేసేంత వగరుగా ఉంటాయి, ఏళ్ళ తరబడి దాచాలి. రెడ్డే కావాలంటే వగరు తక్కువుండే పీనో న్వార్ చూడండి. వైట్‌లో రీస్లింగ్ అనే రకం అయితే లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి, 8, 9 ఉంటే చాలావరకు తీపిదే, 12 దాటితే సాధారణంగా తీపి ఉండదు. అసలు ఇదంతా ఎందుకు, ఆయన్నే అడిగేయొచ్చుగా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే అడిగాను. ఆవిడకి వైట్, అదీ తీపి లేనిదే ఇష్టమట. 12 శాతం దాటిన రీస్లింగ్ ఒకటి తెస్తాను, చల్లబరచకుండానే. అందరికీ చాలా థాంక్స్ అండీ.