శ్రీకూర్మం స్తంభాల మీది ‘ఈ ధర్మువు శ్రీవైష్ణవ రక్ష’

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా గార మండలం శ్రీకూర్మం గుడి శాసనాల చివర ‘ఈ ధర్మువు శ్రీవైష్ణవ రక్ష’ అని వస్తుంది కదా. అది శ్రీవైష్ణవులకు, అంటే రామానుజుల సంప్రదాయంలోని విష్ణుభక్తులకు రక్షా, వాళ్లు చేసే రక్షా?

జవాబు: వాళ్లు చేసే రక్షేనండీ. ఇక్కడ ధర్మువంటే నీతి కాదు, దానం. స్వామికి ఒకరు అఖండదీపం పెడతారు. అది ఆరకుండా వెలగడానికి మాడలో (అప్పటి బంగారు నాణేలు), ఆవులో ఇస్తారు. ‘ఆచంద్రార్కం’, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, సాగాలంటే ఇచ్చినవాడు పోయాక కూడా ఎవరో ఒకరు చూడాలి. ఆ భారం గుడిలోని శ్రీవైష్ణవులకు అప్పగించే మాట ఇది. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్న పిలుపులో, ధర్మసత్రంలో, ధర్మాసుపత్రిలో ఉన్నది ఈ ధర్మమే.

కావ్యాల్లో ధర్మము, ధర్మంబు. రాతి మీద మాత్రం ‘ధర్మువు’. ఈ రూపం నాకెంతో ఇష్టం. అప్పటివాళ్ల నోట మాట ఎలా ఉండేదో ఇలాంటి చోటే కాస్త దొరుకుతుంది.

చాలా దానశాసనాలు ‘స్వదత్తాం పరదత్తాం వా’ శ్లోకంతో ముగుస్తాయి. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు 60,000 ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని భయపెడతాయి. ‘శ్రీవైష్ణవ రక్ష’ అన్న మాటలో భయపెట్టడం లేదు, సాటి మనుషుల మీద నమ్మకం ఉంది.

ప్రశ్న: మొదట అది శివాలయమని మా పెద్దలంటారు. మరి శ్రీవైష్ణవులెలా వచ్చారు?

జవాబు: కూర్మేశ్వరుడన్న పేరుతో శివుడిగా కొలిచే మూర్తిని రామానుజులు విష్ణువని చెప్పారనీ, ఆయనకు దర్శనమివ్వడానికే స్వామి పడమటికి తిరిగాడనీ కథ. స్వామి పడమటి ముఖంగా ఉండటం, తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలుండటం ఇప్పటికీ చూడొచ్చు. కట్టడంలోని వింతకు జనం చెప్పుకున్న కారణంగానే నేను ఆ కథను తీసుకుంటాను.

రాత ఆధారం కావాలంటే 1281 నాటి సంస్కృత శాసనం ఉంది. గాంగ వంశపు రాజుల కాలంలో కళింగ పాలన చూసిన నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించారని అది చెబుతుంది. ఆయన మధ్వాచార్యుల శిష్యులు, శ్రీవైష్ణవులు కారు. ఒక్క ప్రాకారంలో మాధ్వుల కట్టడం, శ్రీవైష్ణవుల కాపుదల, శివుడి జ్ఞాపకం! ఈ గుడిని ఏ ఒక్కరి ఖాతాలోనో రాసేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

సింహాచలం శాసనాల్లోనూ ఇదే ముగింపు ఉంది. ‘రక్ష’ అర్థం మీద ఇంకా అనుమానముంటే రెండు చోట్ల పాఠాలూ పక్కపక్కన పెట్టి చదవండి.