ప్లాస్టిక్ సైనికుడికి అంత ధర న్యాయమా, దోపిడీయా?

కపిలతీర్థం:
ఆదివారాలు బాలాజీ కాలనీలో మేం అయిదుగురం కూర్చుని వార్‌హ్యామర్ ఆడతాం. చిన్న చిన్న సైనికుల బొమ్మలను బల్ల మీద నిలబెట్టి ఆడే యుద్ధం ఆట అది. కొత్త పెట్టె ఒకటి తెప్పిద్దామని బెంగళూరు అంగట్లో అడిగితే, రెండేళ్ల కింద కొన్న ధరకూ ఇప్పటి ధరకూ పొంతనే లేదు. లోపల పది ప్లాస్టిక్ బొమ్మలు. వాటిని మనమే కత్తిరించి, అతికించి, రంగేసుకోవాల. రంగులు, బ్రష్షులు వేరే కొనాల. ఇది దోపిడీ అంటా నేను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చిత్తూరు తోతాపురి:
దోపిడీ కాక ఇంకేంది అన్నా? వార్‌హ్యామర్ చేసే ఇంగ్లాండు కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ లెక్కలు చూడు. 2025 జూన్ 1తో ముగిసిన ఏడాదిలో రాబడి 60 కోట్ల పౌండ్లు దాటింది, పన్నుకు ముందు లాభం 26 కోట్ల పైన. అంటే నూటికి నలభై మిగులు. 2011లో లోహపు బొమ్మలు వదిలి ఫైన్‌కాస్ట్ అని రెజిన్‌కు, అంటే ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి దానికి, మారినప్పుడు కూడా ధర తగ్గించలేదు, పెంచినారు. నేను కంప్యూటర్ ఫైలు ఇస్తే రెజిన్‌తో బొమ్మ చేసిచ్చే ప్రింటర్ కొనేసినా. ఒక బొమ్మకు పట్టే రెజిన్ ఇరవై ముప్పై రూపాయలు. ఇంక పెట్టెల జోలికి పోను.

ఏర్పేడు ఉలి:
మా నాయన మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కుతాడు. నేను ఆ చెక్కపొట్టులోనే పెరిగినా, ఇప్పుడు సెలవురోజుల్లో ఈ చిన్న బొమ్మలకు రంగులేస్తా. రెండు పనులూ దగ్గరగా చూసినోడిగా చెప్తా ఉన్నా.

ప్లాస్టిక్ ఖరీదుతో ఈ బొమ్మను కొలవొద్దన్నా. ఒక పెట్టెకు పాలీస్టైరీన్ అనే ఆ ప్లాస్టిక్ రెండు మూడు పిడికిళ్లు. ఖర్చంతా అంతకుముందే అయిపోతాది. శిల్పి కంప్యూటర్లో బొమ్మ మలచాల, అచ్చులోంచి ఇరుక్కోకుండా ఊడొచ్చేట్టు దాన్ని ముక్కలు చేయాల, ఆ ముక్కల్ని ఉక్కులో తొలిచి అచ్చు తీయాల. ఇదంతా నాటింగ్‌హామ్‌లో, అక్కడి జీతాలతో. లక్ష పెట్టెలు అమ్ముడుపోతే ఆ ఖర్చు తలా కొంచెం పడతాది, వెయ్యే అమ్ముడైతే మునిగినట్టే. చిన్న కంపెనీలు ఉక్కు అచ్చుల జోలికి పోకుండా రెజిన్‌తో, లోహంతో సరిపెట్టుకునేది ఇందుకే.

పోయిన వారం ఒక సైనికుడి నడుముకు రంగేస్తా ఉన్నా. బియ్యపుగింజంత సంచి, దాని మీద కుట్లు, కుట్టుకూ కుట్టుకూ నడుమ ముడత. పలచని గోధుమరంగు తాకిస్తే చాలు, ముడతల్లోకి తనంతట తానే దిగింది. అట్లా దిగేట్టు మలచినోడికి మంచి కూలి దక్కాల్సిందే.

మరి మన ధర? బయటి దేశాల నుంచి వచ్చే ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచినారు. పెట్టెను ఆటబొమ్మల కింద లెక్కగట్టినారంటే, 5,000 సరుకుకు సుంకమే 3,500. ఆపైన జీఎస్టీ, అంగడోడి లాభం. నువ్వు తిట్టేదాంట్లో మంచి వాటా నాటింగ్‌హామ్‌కు కాదు, మన రేవులోనే పడతాది.

ఆ కంపెనీని పూర్తిగా వెనకేసుకురాను. కథ వాళ్లది, నియమాలు వాళ్లవి, సొంత దుకాణాలూ ఉండాయి. ఒక సైన్యం కూడగట్టుకున్నోడు వేరే ఆటకు పోలేడని తెలిసి ధర పెంచుతారు. నలభై శాతం లాభం ఆ ధైర్యంతో వచ్చిందే.

నాకు కడుపు మండేది ఇంకోచోట. మా నాయనకు అచ్చు లేదు. అడుగు ఎత్తు వేంకటేశ్వరుడంటే ప్రతిసారీ మొదట్నుంచే. ఎర్రచందనం ఇష్టమొచ్చినట్టు కొట్టేదానికి లేదు, అనుమతి ఉన్న కర్రే కొనాల. శంఖం పట్టిన వేళ్ల సందు తీసేటప్పుడు ఊపిరి బిగబడతాడు. వేలు విరిగిందా, వారం పని పొయ్యిలోకే. వచ్చినోళ్లేమో సగానికి అడుగుతారు. పెట్టె మీద అచ్చేసిన ధరకు పది రూపాయలు తగ్గించమని మనలో ఎవురన్నా అడిగినామా?

చిత్తూరు తోతాపురి:
సుంకం సంగతి ఒప్పుకుంటా. అయితే అది మన బొమ్మలోళ్లను కాపాడేదానికే కదా పెంచింది. మీ ఊరికి మేలే కదా?

ఏర్పేడు ఉలి:
మా ఇంటికి దానివల్ల ఒక్క ఆర్డరు ఎక్కువ రాలేదు తమ్ముడూ. వార్‌హ్యామర్ పెట్టె ఖరీదైందని ఎవురూ రాజారాణి బొమ్మల జత కొనుక్కుపోరు, ఆట మానేస్తారంతే. నీ ప్రింటర్ మీద నాకు కోపం లేదు. నువ్వు ప్రింటు చేసే బొమ్మ ఫైలు ఎవురిదో చెప్పు. చెక్కినోడు అమ్ముతా ఉంటే కొన్నావా, ఎవడో పెట్టె బొమ్మను స్కాన్ చేసి పంచింది దించుకున్నావా?

చిత్తూరు తోతాపురి:
కొన్ని కొన్నా. ఎక్కువ దించుకున్నవే. నలభై శాతం మిగిలే కంపెనీకి నా ఒక్కడి వల్ల ఏం తగ్గిపోతాదనుకున్నా.

ఏర్పేడు ఉలి:
నెలకింత అని తీసుకుని సొంత బొమ్మల ఫైళ్లు ఇచ్చే శిల్పులు ఉండారు. ఆ సొమ్ము నేరుగా చేసినోడికే పోతాది, ఇంట్లో ఆడుకునేదానికి ఎవురూ అడ్డు చెప్పరు. నాకు తెలిసినోళ్ల పేర్లు విడిగా పంపిస్తా. ఇంకోటి, రెజిన్‌కు చేతొడుగులు లేకుండా పని చేయొద్దు. మా చిన్నాన్న కొడుక్కు అరచేతులంతా దద్దుర్లు లేచినాయి.

కపిలతీర్థం:
ఆ పేర్లు నాకూ పంపన్నా. మా ఆటబల్లకు జానెడు ఎత్తు గోపురం ఒకటి కావాల. మీ నాయన చెక్కుతాడా, ఎంతవుతాది?

ఏర్పేడు ఉలి:
చెక్కుతాడు. అయిదు అంతస్తులంటే ఎనిమిది రోజుల పని. కర్ర ఖరీదు, రోజు కూలి విడివిడిగా రాసి పంపుతా, చూసుకుని చెప్పు.