ఆసఫ్‌జాహీ జెండా మీది ‘యా ఉస్మాన్’

కలంపాళీ: పాత హైదరాబాద్ సంస్థానం జెండా మీది రాతలు కూడబలుక్కుంటున్నాను. పసుపు బట్ట, నడుమ గుండ్రటి కుల్చా రొట్టె బొమ్మ. మధ్యలో ‘నిజాముల్ముల్క్ ఆసఫ్ జా’, పైన ‘అల్ అజ్మతుల్లిల్లా’, కింద ‘యా ఉస్మాన్’. ఆ ‘యా’ పిలిచేది ఎవరిని?

అలిఫ్‌బే: ముందు పై రాత సంగతి చూద్దాం. అరబ్బీలో అది ‘అజమతు లిల్లాహ్’, ఘనతంతా అల్లాదే అని. ‘జ’కి అత్వం ఉంది. ‘అజ్మత్’ ఉర్దూ నోరు.

కలంపాళీ: హైదరాబాదు జెండాని హైదరాబాదు నోటితోనే చదివానండీ.

అలిఫ్‌బే: ‘లిల్లా’ అని అరబ్బీ విభక్తి ఉంచుకుని ముందు మాటని ఉర్దూ చేస్తే అతుకు కనిపిస్తుంది. మీ ఇష్టం.

రాగిపైసా: ‘యా’ ఏడో నిజాంనే. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాక వేయించిన నాణేల మీద చార్మినార్ ద్వారంలో ‘ఐన్’ ఉంటుంది, ఉస్మాన్‌లో మొదటి అక్షరం. తండ్రి మహబూబ్ నాణేల మీద అదే చోట ‘మీమ్’. ఈ కుటుంబానికి పేరు చెక్కించుకోవడం అలవాటే.

గోల్కొండకవి: పేరు చెక్కించుకోవడం వేరు, తన జెండా మీద తననే ‘ఓ ఉస్మానూ’ అని పిలిపించుకోవడం వేరు. ప్రవక్త తర్వాత వచ్చిన మూడో ఖలీఫా పేరూ ఉస్మానే కదా. నా మటుకు అది శ్లేష.

రాగిపైసా: శ్లేషకి ఆధారం?

గోల్కొండకవి: సంబోధనే ఆధారం.

పసుపుబొట్టు: కుల్చా కథ ఎవరూ ఎత్తరేం? మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఏడు కుల్చాలు తిన్నాడనీ, సూఫీ గురువు ఏడు తరాల రాజ్యం దీవించాడనీ, రొట్టెలు కట్టి ఇచ్చిన గుడ్డ పసుప్పచ్చదనీ చెప్తారు. ఆ గురువు నిజాముద్దీన్ ఔలియా అని కొందరు రాసేస్తుంటారు. ఆయన పోయింది 1325లో! ఔరంగాబాద్ నిజాముద్దీన్ అయితే కాలం కుదురుతుంది.

రాగిపైసా: ఏడూ కుదరదు. 1748కీ 1762కీ మధ్య నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ఉన్నారు. కలిపితే పదిమంది.

పసుపుబొట్టు: వాళ్లకి ఆసఫ్ జా బిరుదు లేదుగా! దీవెన బిరుదుకే.

గోల్కొండకవి: సంబోధన అంటే గుర్తొచ్చింది. దాశరథి ‘ఓ నిజాము పిశాచమా! కానరాడు’ అని ఎత్తుకున్నది ఈ ‘యా’కి జవాబేనని నా ఊహ. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాశాడంటారు. జెండా మీద వాళ్ల పిలుపు, గోడ మీద మన పిలుపు.

అలిఫ్‌బే: ఊహ బాగుంది. అయితే ఆ ‘ఓ’ ఛందస్సు కోసం వచ్చిందేమో. ‘ఓని’కి ‘కాన’ ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలిసే యతి. దాన్ని చూసుకుని ఉంటాడు.

గోల్కొండకవి: ప్రాసయతికి కావలసింది ‘న’, ‘ఓ’ కాదు మాస్టారూ. ‘యా నిజాము పిశాచమా’ అన్నా తేటగీతికి గణమూ చెడదు, ప్రాసయతీ చెడదు. అయినా ‘ఓ’ అన్నాడు. తెలుగులోనే తిట్టాలనుకున్నాడు.

అలిఫ్‌బే: ‘నిజాము’, ‘పిశాచము’ ఏ తెలుగో!

గోల్కొండకవి: ‘కానరాడు’ చాలదూ?