చూడ చూడ... రుచుల జాడా, రంగు జాడా?

తెల్లకాగితం:
వేమన పద్యంలో ఒక పాదం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. మా రాజమండ్రిలో ఒక పెద్దాయన ఉన్నారు, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎనభై దాటాయి, ఇప్పటికీ రోజూ నీటిరంగులు వేస్తారు. నాకు బొమ్మ వెయ్యడం రాదు, ఆదివారాలు ఆయన మాటలు వినడానికే వెళ్లి కూర్చుంటాను. మొన్న వరండాలో తీగ మీద ఆరేసిన పంచె చూపించి "ఏం రంగు?" అన్నారు. తెలుపు అన్నాను. పాత పోస్టుకార్డు మధ్యలో శనగగింజంత చిల్లు పొడిచి నా చేతికిచ్చి, ఒక కన్ను మూసుకుని ఇందులోంచి చూడు అన్నారు. మడతల్లో నీలం. కింద అంచు దగ్గర, ఎర్రగచ్చు మీద పడి పైకి లేచే వెలుగుకి, లేత నారింజ. నడుమ ఎండ తగిలే జానెడు మేర తప్ప పంచెలో తెలుపన్నదే లేదు. కార్డు దించగానే మళ్లీ మామూలు తెల్లపంచె.

అప్పుడాయన "వేమన ఊరికే అన్నాడా? ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రంగు జాడ వేరు" అన్నారు. "రుచుల కదా మాస్టారూ" అన్నాను. "నీకు చెప్పినాయన నాలుకతో చదివాడు" అని బ్రష్షు కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయారు.

"రంగు జాడ" అని ఎక్కడైనా ఎవరైనా విన్నారా?

ఆటవెలది:
వినలేదు. "రుచుల" అనే ఉంది. అయితే గణాల ప్రకారం మీ మాస్టారి మాట కొట్టిపారేసేది కాదు. "రంగుల" అంటే భగణం (గురువు, రెండు లఘువులు) పడి పాదం చెడుతుంది, ఆటవెలదిలో ఈ రెండో పాదానికి ఐదూ సూర్యగణాలే కావాలి, అంటే నగణం (మూడు లఘువులు) గానీ హగణం (గురువు, లఘువు) గానీ. "రంగు" అంటే హగణం, చక్కగా సరిపోతుంది. చూడ–జాడ ప్రాసయతి, అంటే మొదటి గణంలోనూ నాలుగో గణంలోనూ రెండో అక్షరం (డ) కలవడం. మధ్యనున్న మూడో గణానికి యతీ లేదు, ప్రాసా లేదు, అందుకే నోటి మీద నడిచే పద్యంలో మొదట మారేది అలాంటి చోటే. కానీ మారడానికి వీలుంది కాబట్టి మారిందని అనలేం. మీరందరూ వదిలేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. అది "చూడ చూడ" కాదు, "చూడఁ జూడ". మొదటి చూడన్ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, దాని తర్వాతి చ సరళమై, అంటే జ అయి తీరాలి.

పలకాబలపం:
మా బడి పుస్తకంలో "చూడ చూడ" అనే ఉంది అన్నయ్యా, పిల్లలు అలాగే పాడతారు. వేమన తన చేత్తో రాసిన తాటాకు ఒక్కటీ మన దగ్గర లేదు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే ముందు ప్రతులు పోగేసి పోల్చి చూస్తే ఒకే పద్యానికి ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. ఆ ప్రతులు రాసినవాళ్లలో వ్యాకరణం తెలిసినవాళ్లు సరళాలు దిద్ది ఉండరా?

ఆటవెలది:
దిద్ది ఉండొచ్చు. దిద్దారనడానికి ఆధారం చూపించండమ్మా.

అమరం:
రంగు అని మార్చే పనే లేదు. "రుచుల" అని ఉంచే మాస్టారి అర్థం తీసుకోవచ్చు. అమరకోశంలో కాంతికి పేర్లు చెబుతూ స్యుః ప్రభారుగ్రుచిస్త్విడ్భా... అని ఉంది, రుచి అంటే మొదట కాంతి. రుచిరం అన్న మాట అక్కడిదే, నాలుకతో దానికి పనిలేదు. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒకటే, నిదానించి చూస్తే వాటి కాంతుల జాడ వేరు. అప్పుడు "చూడ" అన్న క్రియకి కర్మ సూటిగా అందుతుంది. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నది ఇదే, ఇవాళ ఒక చిత్రకారుడి నోట వినడం చాలా సంతోషంగా ఉంది.

పలకాబలపం:
వేమన్న నిఘంటువు పక్కన పెట్టుకుని రాసే కవి కాదు సార్. వేపాకు, కుక్క, చెప్పు, ఉప్పు, ఇవీ ఆయన సరుకులు. రుచి అంటే రుచే.

బమ్మెర దారి:
తెలుగులో చూడు అన్న మాటను కంటికి మాత్రమే కట్టేస్తున్నారు అందరూ. మనం రుచి చూస్తాం, వాసన చూస్తాం, వైద్యుడు నాడి చూస్తాడు, అమ్మ నుదురు మీద చెయ్యేసి జ్వరం చూస్తుంది. మా ఊర్ల అయితే వచ్చేటోళ్ల కోసం తొవ్వ చూస్తం, అక్కడ మనిషే లేడు, అయినా చూస్తం. పిల్లల్ని చూసుకుంటాం, లెక్క చూస్తాం, చేసి చూస్తాం. ఏ ఇంద్రియంతో తెలుసుకున్నా చివరికి చూడటమే. కాబట్టి "చూడ చూడ రుచుల జాడ" అంటే రుచి చూడగా చూడగా అనే. ఇందులో తిరకాసు లేదు.

అమరం:
అట్లా అయితే "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నది కూడా ఆయన పద్యమే కదా. నాలుక సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు తినగ తినగ అన్నాడు, ఇక్కడ మాత్రం చూడ చూడ అన్నాడు. ఎందుకంటారు?

ఆటవెలది:
ఎందుకంటే "తినగ" వేస్తే "జాడ"తో ప్రాసయతి పోతుంది. కవి చేతిలో ఉన్నవి రెండు మాటలే అయినప్పుడు దాని నుంచి తత్త్వం లాగకూడదు.

రంగులడబ్బా:
నేను బొమ్మలు వేసేవాణ్ణి, ఆయిల్. ఛందస్సు నాకు తెలియదు, ఇక్కడ మీ మాటలు చదివి నేర్చుకుంటూ ఉంటాను. కానీ ఈ పద్యంలో నా పనికి సంబంధించిన మాట ఒకటుంది, ఎవరూ ముట్టుకోలేదు. పోలిక. మనిషి బొమ్మ వేసినప్పుడు ఇంటివాళ్లు మొదట అడిగేది అదే, పోలిక వచ్చిందా లేదా అని. ముక్కూ నోరూ కొలతలన్నీ కుదిరి కూడా పోలిక రాని బొమ్మలుంటాయి. పోలిక వచ్చి కూడా లోపల మనిషి లేని బొమ్మలుంటాయి, అవి ఇంకా కష్టం, ఎక్కడ దిద్దాలో తెలియదు. "ఒక్క పోలికనుండు" అని మొదలుపెట్టి "జాడ వేరు" అనడం నాకైతే బొమ్మ ముందు నిలబడి చెప్పిన మాటలా ఉంటుంది. జాడ అంటే అడుగు పడిన గుర్తు, అదీ కంటికి ఆనేదే.

తెలుపు సంగతి కూడా చెప్తాను. జింక్ వైట్, టైటానియం వైట్ రెండు ట్యూబులూ ప్యాలెట్ మీద పక్కపక్కన పిండి చూడండి. కొత్తవాళ్లకి తేడా కనపడదు. ముదురు నీలం మీద ఒక్కో పూత వెయ్యండి. టైటానియం కింది రంగుని మూసేస్తుంది, జింక్ లోంచి నీలం కనపడుతూనే ఉంటుంది, కొంచెం చల్లగా. నాకు జింక్ కర్పూరం, టైటానియం మెత్తటి ఉప్పు.

తెల్లకాగితం:
ఇది మాస్టారికి చదివి వినిపిస్తాను. ఆయన తెల్లరంగు అసలు వాడరు. నీటిరంగుల్లో తెలుపు వెయ్యం, వదులుతాం అంటారు. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ కాగితాన్ని ముట్టుకోకూడదు, అది ముందే తెలిసి ఉండాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు. పిల్లల్ని మా ఊళ్లో దామెర్ల రామారావు బొమ్మలున్న గ్యాలరీకి తీసుకెళ్లి నిలబెట్టేవారట, రంగు వేసిన చోటు కాదు, వెయ్యని చోటు వెతకండి అని. 1925లో ఇరవై ఎనిమిది నిండకుండా పోయిన మనిషి, అంత చిన్న వయసులో ఎక్కడ ఆగాలో ఎలా తెలిసిందో అని ఇప్పటికీ అంటారు.

బమ్మెర దారి:
తెలుపు మాటొచ్చింది కాబట్టి పోతనను తలుచుకోకుండా ఎట్లా? శారద నీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికాహార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద మందార... భారతిని, అంటే సరస్వతిని, చూడాలని పదహారు తెలుపులు పేర్చాడు. రంగులడబ్బా గారూ, మీరు ఇది కుంచె పట్టిన కన్నుతో చదవండి. శరత్తు మబ్బు తెలుపు మందంగా ఉంటుంది, నురుగు తెలుపు గాలితో నిండి ఉంటుంది, రెల్లుపువ్వు తెలుపు మెరుస్తూ కదులుతుంది, కర్పూరం లోపలికి వెలుగు తీసుకుంటుంది. పదహారూ ఒక పోలికే, పదహారూ వేరు. ఘనసారమంటే కర్పూరమే, మూడోదే అది. చివర "మదిఁ గానఁగ" అన్నాడు. ఇన్ని తెలుపులు కంటికి చూపించి, నిన్ను మాత్రం మదిలోనే కనాలి అని. ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది, ఎన్నోసారి చదివినా.

అమరం:
పదహారు ఎట్లా లెక్కపెట్టారు? మల్లికాహారం ఒకటా, మల్లిక, హారం రెండా? హారమంటే ముత్యాల దండ, అదొక తెలుపు.

బమ్మెర దారి:
మల్లెల దండ సార్. ఒకటే.

అమరం:
మందార తర్వాత వచ్చే సుధాపయోధి? సుధ వేరు, పయోధి వేరు అనుకుంటే? సుధ అంటే గోడకు వేసే సున్నం కూడా. అది విడదీస్తే మీ జాబితాలో సున్నపు గోడ తెలుపు కూడా చేరుతుంది.

బమ్మెర దారి:
పోతన సరస్వతి పక్కన సున్నం గోడ పెడతాడా సార్? పాలసముద్రం, అంతే.

ఆటవెలది:
ఘనసారం అక్కడ పడింది శా–సా యతి కోసం, పాదంలో మొదటి అక్షరానికి పదో అక్షరం కలవాలి. అది కూడా గుర్తు పెట్టుకుని మాట్లాడదాం.

బమ్మెర దారి:
యతి కోసం వచ్చిన మాట అక్కడే పుట్టినట్టు కూర్చుందంటే అది పోతన చెయ్యి. సా తో మొదలయ్యే మాటలు ఇంకెన్ని లేవు?

పలకాబలపం:
మళ్లీ మొదటికొస్తే, కర్పూరం నాలుక మీద వేసుకునేదే అన్నది మరిచిపోతున్నాం. ఇవాళ హారతి పళ్లెంలో బిళ్లలే చూస్తాం కాబట్టి కంటికీ ముక్కుకీ సంబంధించిన వస్తువు అనుకుంటాం (ఆ బిళ్లలు ఎవరూ నోట్లో వేసుకోకండి). అప్పట్లో కప్పురం అంటే తాంబూలంలో వేసే పచ్చకర్పూరం. పెద్దనదని చెప్పుకునే చాటువులో "ప్రియదూతిక తెచ్చి ఇచ్చు కప్పుర విడెము" లేదూ? వంటింట్లో రెండూ పక్కపక్కన ఉండే ఇంట్లో ఒకదానికొకటి పొరబడటం నిజంగా జరిగే పనే. కాబట్టి నేను రుచి దగ్గరే ఉంటాను.

రంగులడబ్బా:
అక్కా, పొరబడేది కంటితోనే కదా.

పలకాబలపం:
తేల్చేది నాలుక.

తెల్లకాగితం:
నిన్న వెళ్లాను. మాస్టారికి నెల కిందట ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, కుడి కంటికి ఇంకా చెయ్యలేదు. మీ మాటలన్నీ చదివి వినిపించాను. ఏమీ అనకుండా నల్లపలక ఒకటి తెప్పించి, ఒక వైపు చారెడు రాళ్లుప్పు, ఇంకో వైపు నాలుగు కర్పూరం బిళ్లలు పోసి కిటికీ దగ్గర పెట్టారు. కుడి కంటితో చూస్తే రెండూ ఒకటేనట, ఉతికి ఉతికి పాతబడిన పంచెలా, పసుపుపచ్చగా. ఎడమ కంటితో చూస్తే ఉప్పు బూడిదరంగు, ఒక్కో కల్లు ఒక్కో అంచు దగ్గర మెరుస్తోంది. కర్పూరం బిళ్ల అంచుల్లో మాత్రం వెలుగు లోపలికి దిగి నీలంగా నిలబడి ఉందట. మార్చి మార్చి ఒక్కో కన్ను మూసుకుని చూస్తూనే ఉన్నారు, పది నిమిషాలు. రెండో కంటికి చేయించుకోవడం కొంచెం ఆపుతానన్నారు. వాళ్లమ్మాయి ఆపొద్దంటోంది, ఆయన వినేలా లేరు, పాత కన్ను పోతే పోలిక ఎలా తెలుస్తుంది అంటున్నారు.

"రంగు జాడ" ఎక్కడ విన్నారని అడిగాను. తనకి బొమ్మలు నేర్పిన మాస్టారు అలాగే చెప్పేవారట. ఆయనకి ఎవరు చెప్పారో ఈయనకి తెలియదు.

అమరం:
పాత నోటుపుస్తకాలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి అడగండి. ఆయన గురువుగారి రాతలో "రుచి" అని ఉండి, కింద "రంగు" అని అర్థం రాసుకుని ఉన్నా నాకు చాలు.

బమ్మెర దారి:
ఆ పలక మీద సున్నం కూడా పెట్టి చూడమనండి. అమరం గారి సుధ సంగతి తేలుతుంది.

ఆటవెలది:
ద్రుతం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. చూడఁ జూడ.