అప్‌డేట్: వెనుక ఇరుసు గేర్లు నేనే మార్చుకోవాలా అన్న ప్రశ్నకు తేలిన జవాబు

విజయనగరంలో నడుపుతున్న నా పాత జీపు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనుక నుంచి ఈల వేస్తున్నదనీ, ఇంజిన్ తిప్పే శక్తిని వెనుక చక్రాలకు మళ్లించే రెండు గేర్లను, అంటే క్రౌన్ వీల్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు)లను ఇంట్లోనే మార్చవచ్చా అనీ లోగడ అడిగాను. ఆ గేర్లుండే హౌసింగ్ (ఇనుప పెట్టె)లోని ఆయిల్ దించి చూడగా ఇనుప రజను కనిపించింది. పినియన్ పళ్లు ఒక అంచున అరిగిపోయాయి. ఈ రెండు గేర్లనూ కర్మాగారంలో కలిపి రాపిడి చేసి జతగానే అమ్ముతారు కాబట్టి ఒక్కదాన్నే మార్చే ఆలోచన మానుకున్నాను.

విప్పడం నాకు కష్టం కాలేదు. కానీ పినియన్ లోతును షిమ్‌లతో (పలుచని లోహపు బిళ్లలతో) సరిచేసి, బేరింగుల బిగువు చూసి, పళ్ల మధ్య సందును మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన డయల్ గేజి (ముల్లుతో సూక్ష్మ కొలతలు చూపే పరికరం)తో కొలిచి, పళ్లకు రంగు పూసి అవి ఒకదానికొకటి తాకిన అచ్చు ఎక్కడ పడుతున్నదో పరీక్షించి, అది కుదరకపోతే అంతా మళ్లీ విప్పవలసి వస్తుందని తెలిశాక నా ధైర్యం సడలింది. ఒక్కసారి చేసే పనికి ఆ పరికరాలన్నీ కొనడం దండగ అనిపించింది (మా ఇంట్లో ఆ మాట ముందే అన్నారు).

చివరకు ఇరుసును నేనే దించి, లారీలకు పేరుపడ్డ సాలూరులో ఒక మేస్త్రికి అమరిక పని అప్పగించి, తెచ్చి నేనే బిగించుకున్నాను. ఈల పోయింది. కొత్త పళ్లు ఒదిగేవరకు బరువు వేయకుండా నడిపి, తరువాత ఆయిల్ మారుస్తాను. అంతవరకు ఘాట్ రోడ్డు ఎక్కను.