పాత యాసిడ్ జాజ్ ఆల్బమ్‌లు ఎల్‌పీలుగా మాత్రమే రావాలా?

అలిపిరి శ్రోత (తిరుపతి):
యాసిడ్ జాజ్ (జాజ్‌ను ఫంక్, సోల్, డ్యాన్స్ బీట్‌లతో కలిపిన సంగీతం) మీద మళ్లీ ఆసక్తి పెరుగుతోంది, సంతోషం. జామిరోక్వై, బ్రాండ్ న్యూ హెవీస్ ఎప్పుడైనా దొరుకుతారు. మదర్ ఎర్త్, కార్డురాయ్ లాంటి బృందాల దగ్గరికి ఇంకా చాలామంది రాలేదు. అలాంటి ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేస్తున్నామని కొద్దిపాటి ఎల్‌పీలు (పెద్ద వినైల్ రికార్డులు) వేసి ఊరుకుంటే ఎవరికి లాభం? లండన్ నుంచి ఒక్క ఎల్‌పీ తెప్పించాలంటే షిప్పింగ్, కస్టమ్స్ మా జేబుకు చాలా బరువు. ముందు డిజిటల్‌లో పెట్టాలి.

గిరింపేట బేస్ (చిత్తూరు):
నేను ఒప్పుకోనన్నా. హక్కులు ఎవరివో వెతకాలి, పాత టేపులు బాగుచేయించాలి, మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేయడం) చేయించాలి. స్ట్రీమింగ్‌లో వచ్చే పైసలతో చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) ఇవన్నీ ఎలా చేస్తుంది? ఎల్‌పీకి ముందే డబ్బు కట్టేవాళ్లున్నారు కాబట్టే పని మొదలవుతుంది. ఇంకో మాట. 1990ల మొదట్లో అంతా సీడీల కాలం. సీడీ నిడివికి చేసిన సంగీతాన్ని ఒకే ఎల్‌పీలో కుక్కితే, ఒక్కో వైపు 22 నిమిషాలు దాటేసరికి గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. ముందు దెబ్బ తినేది బేసే. పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాణ్ణి, ఈ సంగీతంలో బేస్ తగ్గితే భరించలేను. రెండు ఎల్‌పీలుగా విడదీసి వేయడం ఆ ఆల్బమ్‌లకు చేసే న్యాయం.

మంగళం రోడ్ (తిరుపతి):
శాంపిళ్ల (పాత రికార్డుల్లోంచి తీసి కొత్త పాటలో వాడే ముక్కలు) మాట కూడా చూడండి సామీ. అస్ త్రీ బృందం జాజ్ పియానిస్ట్ హెర్బీ హాన్‌కాక్ ‘కాంటలూప్ ఐలాండ్’ను శాంపిల్ చేస్తే బ్లూ నోట్ కంపెనీయే తన పాత రికార్డులు వాడుకోనిచ్చింది. అందరికీ అంత అదృష్టం ఉండదు. సీడీకి తీసుకున్న అనుమతి స్ట్రీమింగ్‌కు చాలకపోతే మళ్లీ అడుక్కోవాల్సిందే.

అలిపిరి శ్రోత:
బేస్ గురించి తమ్ముడు చెప్పింది నిజం, రెండు ఎల్‌పీలే వేయనీ. అదే రోజు డౌన్‌లోడ్ కూడా అమ్మాలి. దానితో పాటు ఎవరేం వాయించారో రాసే లోపలి కాగితం మొత్తం ఇవ్వాలి. 1987లో ఎడ్డీ పిల్లర్, జైల్స్ పీటర్సన్ కలిసి యాసిడ్ జాజ్ లేబుల్ పెట్టారని అందరూ రాస్తారు. కానీ హామండ్ ఆర్గన్ ఎవరు వాయించారు, కాంగాలు (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ములు) ఎవరివి అన్నది స్ట్రీమింగ్ పేజీలో చాలాసార్లు కనిపించదు. ఇక్కడ మ్యూజిక్ కాలేజీలో మృదంగం నేర్చుకునే పిల్లలు ఆ కాంగాల నడక విని పేరు అడిగితే ఏం చెప్పాలి?

గిరింపేట బేస్:
డౌన్‌లోడ్‌కు నాకూ అభ్యంతరం లేదన్నా. ధర మాత్రం మరీ తగ్గించమనకండి, వాయించినవాళ్లకు వాటా అందాలి. స్ట్రీమింగ్ ఆర్నెల్లు ఆగాలి, ఆ మాట మీద నేను తగ్గను.